వీలునామాకు ముందు వచ్చే రోజులు

విశాఖపట్నం ద్వారకానగర్‌లో చిన్న వ్యాపారుల సమావేశంలో ఒక మహిళా న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. సాయంత్రం పూట కొట్టు కట్టేసి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. నాలుగు బేరాలు తగిలేది ఆరు నుంచి తొమ్మిది లోపే. మా నాన్నగారిదీ కొట్టే. వన్‌టౌన్‌లో, హార్బర్ బోట్లకు కావలసిన తాళ్ళు, పెయింట్లు, మేకులు, గొలుసులు అమ్మేవారు. నలభై ఏళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్నారు. యజమాని బతికుండగానే మతి తప్పితే వ్యాపారం ఏమవుతుందన్నది ఈ రోజు నేను చెప్పబోయే విషయం. దాంట్లో సెక్షన్లు చాలానే వస్తాయి. కానీ నాకు ఈ విషయం పుస్తకంలో మొదలవలేదు, ఆ కుర్చీ దగ్గర మొదలైంది. అందుకే అక్కడి నుంచే చెబుతాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం కదా, 61 రోజులు. వేటకెళ్ళేవాళ్ళకు అది ఖాళీ కాలం. మాకు మాత్రం ఏడాది మొత్తానికి పెద్ద సీజన్ అదే. బోట్లన్నీ ఒడ్డుకు చేరేవి. రిపేర్లు, రంగులు, కొత్త తాళ్ళు. సరుకంతా అరువు మీదే వెళ్ళేది. వేట మళ్ళీ మొదలై, చేప పడ్డాక డబ్బు వచ్చేది. అలాంటి ఒక సీజన్లో, తాళ్ళు పంపే హోల్‌సేల్ వ్యాపారికి నాన్న ఇచ్చిన చెక్కు వెనక్కి వచ్చింది. ఖాతాలో డబ్బుంది. సంతకం కలవలేదని రాశారు. నాన్న సంతకం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, నా ప్రోగ్రెస్ కార్డులన్నిటి మీదా అదే. ఇంటిపేరు మొదటి అక్షరం, తర్వాత పేరు, చివర కుడివైపుకు పొడుగ్గా ఒక తోక. ఆ చెక్కు మీద పేరులో మధ్య అక్షరం లేదు. తోక ఉంది గానీ గీత దాటి కిందికి జారిపోయింది. చెక్కు చేతికిస్తే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు, కాగితాన్ని వెలుతురు వైపు తిప్పి చూశారు. "ఏటమ్మా, ఇది నా సంతకమేనా?" అని నన్నే అడిగారు.

అప్పటికి నేను కోర్టుకు వెళ్ళడం మొదలుపెట్టి పన్నెండేళ్ళు. మాకేం ఫర్వాలేదనుకున్నాను. ఎందుకంటే అంతకు ముందు ఏడాదే నాన్న మా అన్నయ్య పేరున జీపీఏ, అంటే తన తరఫున వ్యవహారాలు చూసే అధికార పత్రం, రాసి రిజిస్టర్ చేయించారు. అన్నయ్య ఆ కాగితం పట్టుకుని బ్యాంకుకు వెళ్ళాడు. అక్కడి అధికారి మొత్తం చదివి మర్యాదగా ఒకే ప్రశ్న అడిగారు. "నాన్నగారు ఎలా ఉన్నారండీ?" అన్నయ్యకు అబద్ధం చెప్పడం రాదు. "మతి సరిగా ఉండటం లేదండీ, డాక్టరుకు చూపిస్తున్నాం" అన్నాడు. ఆయన ఆ కాగితం మడిచి చేతికిచ్చేశారు. ఆయన తప్పేమీ లేదు. ఆ మాట చెవిన పడ్డాక ఆయన చేయవలసింది అదే.

ఎందుకో చెబుతాను. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్‌లో ఏజెన్సీ, అంటే ఒకరి తరఫున ఇంకొకరు పనిచేసే అధికారం, ఎప్పుడెప్పుడు ముగిసిపోతుందో రాసి ఉంది. అధికారం ఇచ్చినవాడు చనిపోతే ముగుస్తుంది. మతిస్థిమితం పోయినా ముగుస్తుంది. దాని వెనక తర్కం ఇది: జీపీఏ పొందినవాడు మన చెయ్యి లాంటివాడు. మనమే ఒప్పందం చేసుకోలేని స్థితికి వస్తే, మన చెయ్యి మాత్రం ఎలా చేస్తుంది? తర్కం బాగానే ఉంది. కానీ మనం జీపీఏ రాసేదే ఆ రోజు కోసం. సరిగ్గా ఆ రోజునే అది చచ్చుబడిపోతుంది. నాకు తెలిసిన ఎన్నో కుటుంబాలు ఈ ఒక్క ముక్క తెలియక, బీరువాలో జీపీఏ ఉందన్న ధీమాతో ఏళ్ళు గడిపేస్తున్నాయి.

ఒక మినహాయింపు ఉంది, 202వ సెక్షన్. ఏజెంటుకు ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉంటే ఆ అధికారం పోదు. ఉదాహరణకు, నేను మీకు బాకీ ఉన్నాను, నా స్థలం అమ్మి మీ బాకీ జమ చేసుకోమని అధికారం ఇచ్చాను, అలాంటిది. కొడుకు తండ్రి కొట్టు చూసుకోవడం దీని కిందికి రాదు. కొందరు దస్తావేజు లేఖరులు "నాకు మతిస్థిమితం లేకపోయినను ఈ అధికారము చెల్లును" అని ఒక వాక్యం చేరుస్తుంటారు. అలా రాసుకున్నంత మాత్రాన 201వ సెక్షన్ పక్కకు తప్పుకోదు.

ఈ మధ్య ఇంకోటి చూస్తున్నాను. పిల్లలు లండన్‌లోనో డాలస్‌లోనో ఉంటారు. అక్కడి నమూనా ఒకటి వాట్సాప్‌లో పంపి, నాన్నగారి చేత సంతకం పెట్టించండి మేడమ్ అంటారు. ఇంగ్లండ్‌లో 2005లో మెంటల్ కెపాసిటీ చట్టం వచ్చింది. దాని కింద 2007 నుంచి లాస్టింగ్ పవర్ ఆఫ్ అటార్నీ అమల్లో ఉంది. మతి తప్పాక కూడా పనిచేసే అధికార పత్రం అది. అక్కడి ప్రభుత్వ కార్యాలయంలో నమోదు చేయించాలి. ఇంటి వ్యవహారాలకు ఒకరిని, వ్యాపారానికి మరొకరిని వేరువేరుగా పెట్టుకోవచ్చు. చక్కటి ఏర్పాటు. మన దేశంలో అలాంటి చట్టం లేదు. ఆ కాగితం మీద ఇక్కడ ఎన్ని సంతకాలు పెట్టించినా, మతి తప్పిన రోజున అదీ మామూలు జీపీఏలాగే ముగిసిపోతుంది. మన పార్లమెంటు ఇలాంటి చట్టం తేవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. వచ్చేదాకా మాత్రం మన జాగ్రత్తలో మనం ఉండాలి.

వీలునామా ఉంది కదా అంటారు. వీలునామా మనిషి పోయాకే మాట్లాడుతుంది. బ్యాంకులో నామినీ అంతే, షేర్లకు పెట్టిన నామినీ అంతే. మనిషి ఉండి, మాట లేక, గుర్తు లేక గడిచే రోజులు ఉంటాయే, ఆ రోజులకు అవేవీ పనికిరావు. అది ఆరు నెలలు కావచ్చు, పన్నెండేళ్ళు కావచ్చు. మా నాన్న ఏడేళ్ళు ఉన్నారు.

ఇదంతా ముసలితనం సంగతి అనుకోకండి. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో వందకు ఏడుగురికి పైగా డిమెన్షియా, అంటే జ్ఞాపకం, ఆలోచన తగ్గిపోయే జబ్బు, ఉందని, అంటే దాదాపు 88 లక్షల మంది అని అంచనా. అది పెద్ద సంఖ్యే. కానీ నా ఆఫీసుకు వచ్చేవాళ్ళలో నలభై ఐదేళ్ళవాళ్ళూ ఉన్నారు. హైవే మీద బండి జారి తలకు దెబ్బ తగిలినవాళ్ళు, పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళు, మెదడులో గడ్డకు ఆపరేషన్ అయి ఇంకా కోలుకోనివాళ్ళు. డిమెన్షియా అయితే కొంత గడువు ఇస్తుంది. ప్రమాదం ఒక్క పూట కూడా ఇవ్వదు.

ఏ ఏర్పాటూ లేకుండా ఆ రోజు వస్తే ఏమవుతుంది? ఇక్కడ కాస్త నిదానంగా వినండి. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో ఒక అధ్యాయం ఉండేది. మతిస్థిమితం లేని మనిషికి ఆస్తి ఉంటే, జిల్లా కోర్టు విచారణ జరిపి ఆ ఆస్తికి మేనేజరును నియమించేది. 2017లో కొత్త చట్టం వచ్చింది, 2018 నుంచి అమలైంది. రోగి హక్కుల విషయంలో అది ఎంతో మంచి చట్టం. మీరు ముందుగానే మీ తరఫున డాక్టర్లతో మాట్లాడే నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌ను పెట్టుకోవచ్చు, మీ వైద్యం ఎలా జరగాలో ముందే రాసి ఉంచవచ్చు. అయితే అవన్నీ వైద్యానికే. పాత చట్టం పోతూ పోతూ ఆస్తికి మేనేజరును పెట్టే ఆ అధ్యాయాన్నీ వెంట తీసుకుపోయింది. కొత్తదాంట్లో దాని చోటు ఖాళీ. "నేను మా ఆయనకు నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌నండీ" అని బ్యాంకుకు వెళ్ళిన ఒక ఆవిడ నాకు తెలుసు. పాపం, ఆ కాగితంతో మందుల గురించి డాక్టరుతో మాట్లాడవచ్చు గానీ, జీతాల కోసం ఒక్క రూపాయి తీయలేరు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ కింద పరిమిత గార్డియన్‌ను పెట్టే దారి ఒకటుంది. ఆ చట్టం చెప్పే వైకల్యం ఉండాలి, అది రుజువు కావాలి, గార్డియన్‌కు ఇచ్చే అధికారం ఫలానా పనికి, ఫలానా కాలానికి అని ఉంటుంది. వ్యాపారం మొత్తం నడపడానికి అది ఇరుకు చొక్కా. కోమాలో ఉన్నవాళ్ళ విషయంలో కుటుంబాలు హైకోర్టుల్లో రిట్ వేస్తున్నాయి. దిక్కులేనివాళ్ళకు రాజ్యమే తల్లీ తండ్రీ అనే సూత్రం మీద, రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టు గార్డియన్‌ను నియమిస్తుంది. 2019లో కేరళ హైకోర్టు దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. ఆస్తుల వివరాలన్నీ చెప్పాలి, మెడికల్ బోర్డు పరీక్షించాలి, రెవెన్యూ అధికారులు విచారించాలి, నియమితుడైన గార్డియన్ ఆరు నెలలకోసారి హైకోర్టుకు నివేదిక ఇవ్వాలి. 2024లో మద్రాసు హైకోర్టు దగ్గరకు ఒక ఇల్లాలు వెళ్ళింది. భర్త కోమాలో ఉన్నాడు, వైద్యానికి డబ్బు లేదు, ఆయన పేరున కోటి రూపాయలకు పైగా విలువ చేసే ఆస్తి ఉంది. మొదట ఒక జడ్జి సివిల్ కోర్టుకు వెళ్ళమన్నారు. ఆవిడ అప్పీలు చేస్తే ఇద్దరు జడ్జీల బెంచి ఆవిడనే గార్డియన్‌గా నియమించి, అమ్ముకోవడానికి అనుమతిచ్చింది. భర్త పేరున 50 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలని షరతు పెట్టింది.

న్యాయం జరిగింది, నాకు సంతోషమే. కానీ వ్యాపారస్తులుగా ఆలోచించండి. విశాఖ నుంచి అమరావతి వెళ్ళి, రిట్ వేసి, మెడికల్ బోర్డు ముందు మనిషిని పడుకోబెట్టి, ఉత్తర్వు చేతికి వచ్చేసరికి ఎన్ని నెలలు? ఈలోగా జీఎస్టీ రిటర్న్ గడువు ఆగదు. లోను వాయిదా ఆగదు. ఆటోనగర్‌లో లేత్ మెషిన్ దగ్గర నిలబడిన కుర్రాడికి ఒకటో తారీఖు ఆగదు.

అందుకని నేను అందరికీ చెప్పే మాట ఒకటే. మీరు సంతకం పెట్టగలిగే రోజుల్లోనే, మీ సంతకం లేకపోయినా నడిచే ఏర్పాటు చేసుకోండి. ఆ ఏర్పాటు ఎలా ఉండాలన్నది మీ వ్యాపారం ఏ రూపంలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇక్కడ ఉన్నవాళ్ళలో చాలామందిది సొంత యాజమాన్యం. బోర్డు మీద అమ్మవారి పేరో తాతగారి పేరో ఉంటుంది గానీ, చట్టం కళ్ళకు ఆ కొట్టు, మీరు ఒకటే. పాన్ మీదే, జీఎస్టీ మీదే, కరెంటు అకౌంటు మీదే. మీ మతి ఆగితే కొట్టూ ఆగుతుంది. మా నాన్నది ఇదే. ఇందులో ఉండి చేసుకోగలిగింది చాలా తక్కువ. ఏడాదికి నాలుగు రాళ్ళు మిగులుతున్న కొట్టయితే, ఈ రూపం నుంచి బయటికి రండని నా సలహా. మొత్తం మీ చేతిలోనే ఉండాలనుకుంటే ఏకవ్యక్తి కంపెనీ ఉంది, దాన్ని ఓపీసీ అంటారు. 2013 కంపెనీల చట్టం 3వ సెక్షన్ ప్రకారం, అది పెట్టేటప్పుడే ఒక నామినీ పేరు రాసి తీరాలి, ఆ మనిషి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మీరు చనిపోతే ఆ నామినీ సభ్యుడవుతాడు. అంతటితో ఆగకుండా, మీరు ఒప్పందం చేసుకునే శక్తి కోల్పోయినా ఆ నామినీయే సభ్యుడవుతాడని చట్టంలోనే ఉంది. మా నాన్న భయాన్ని ముందే ఊహించి ఎవరో రాసినట్టుంటుంది ఆ మాట. నేను మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను.

ప్రైవేట్ లిమిటెడ్ విషయం ఇంకా వివరంగా చెప్పాలి, ఎందుకంటే అక్కడే ఎక్కువమంది చిక్కుకుంటున్నారు. మన ఊళ్ళో మామూలు పద్ధతి ఏమిటి? భర్త, భార్య, ఇద్దరే డైరెక్టర్లు, ఇద్దరే వాటాదారులు. తొంభై తొమ్మిది శాతం ఆయనది, ఒక్క శాతం ఆవిడది. ఆవిడకు ఆఫీసు ఏ అంతస్తులో ఉందో కూడా తెలియదు. ఆయన మంచాన పడ్డారు. బ్యాంకులో సంతకం మార్చాలంటే బోర్డు తీర్మానం కావాలి. బోర్డు మీటింగుకు కోరం, అంటే ఉండి తీరవలసిన సంఖ్య, కనీసం ఇద్దరు. ఆవిడ ఒక్కతే ఉంది. కొత్త డైరెక్టరును తెచ్చుకుందామంటే వాటాదారుల మీటింగు పెట్టాలి. దానికీ కనీసం ఇద్దరు హాజరు కావాలి. పోనీ ఆయన పదవి పోయిందనుకుందామా? మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటిస్తేనే ఆ కారణంతో డైరెక్టరు పదవి పోతుంది. లేదా 12 నెలల పాటు ఒక్క బోర్డు మీటింగుకూ రాకపోతే పోతుంది. పన్నెండు నెలలు! ఇలా ఎటు తిరిగినా గోడే. నా దగ్గరకు వచ్చిన ఒక ఇల్లాలు ఈ నాలుగు గోడల మధ్య ఏడాదిన్నర తిరిగింది. రొయ్యలు ఎగుమతి చేసే కంపెనీ. ఆర్డర్లు చేతిలో ఉండి, సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉండి, సంతకం పెట్టే చెయ్యి లేదు.

దీనికి మందు చాలా తేలిక. ఆరోగ్యంగా ఉన్నప్పుడే మూడో డైరెక్టరును తెచ్చుకోండి. కూతురో, అల్లుడో, నమ్మకమైన మేనేజరో. మూడో వాటాదారుణ్ణి చేర్చండి, కొద్ది షేర్లయినా సరే. బ్యాంకు ఖాతా మీద ఇద్దరు ముగ్గురికి సంతకం అధికారం ఇస్తూ బోర్డు తీర్మానం చేయండి. ఇక్కడ ఒక మెళకువ గమనించండి. కంపెనీ తరఫున అధికారం ఇచ్చింది కంపెనీ, మీరు కాదు. కంపెనీకి మతి పోదు. మీరు మంచాన పడ్డా ఆ తీర్మానం బతికే ఉంటుంది. సొంత కొట్టుకు రాసిన జీపీఏకు లేని బలం దీనికి ఎందుకుందో ఇప్పుడు అర్థమైంది కదా.

మీ పేరున ఉన్న షేర్ల ఓట్లు మాత్రం మీతోపాటే మూగబోతాయి. ఎక్కువ వాటా ఒక్కరి దగ్గరే ఉన్నవాళ్ళు కుటుంబ ట్రస్టు గురించి ఆలోచించాలి. 1882 నాటి ట్రస్టుల చట్టం కింద, ఒప్పందం చేసుకోగల ప్రతి మనిషీ ట్రస్టు పెట్టవచ్చు. షేర్లను ట్రస్టుకు బదిలీ చేస్తారు. బతికి బాగున్నంత కాలం మీరే ట్రస్టీగా ఉంటారు. ఫలానా ఇద్దరు డాక్టర్లు ఈయన నిర్ణయాలు తీసుకోలేరని రాసిచ్చిన రోజు నుంచి ఫలానావారు ట్రస్టీ అవుతారని దస్తావేజులోనే రాసుకుంటారు. కోర్టు మెట్లు ఎక్కే పని ఉండదు. స్థలాలు, గోడౌన్లు పెడితే రిజిస్ట్రేషన్, స్టాంపు డ్యూటీ ఉంటాయి. తాకట్టులో ఉన్నవాటికి బ్యాంకు ఒప్పుకోవాలి. ఇంకో మాట కూడా మొహమాటం లేకుండా చెప్పాలి: అప్పులవాళ్ళకు అందకుండా చేయడానికి ట్రస్టు పెడితే, ఆ బదిలీని ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద కోర్టులో కొట్టేయించవచ్చు. అలాంటి పని కోసం నా దగ్గరకు రావద్దు.

ఇక భాగస్తుల సంగతి. ఒక భాగస్తుడికి మతి తప్పితే ఫర్మ్ తనంతట తాను రద్దు కాదు. మిగతావాళ్ళు గానీ, ఆయన తరఫువాళ్ళు గానీ 1932 నాటి భాగస్వామ్య చట్టం 44వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్ళి రద్దు చేయమని అడగవచ్చు. అంటే పంచాయితీ కోర్టుకెక్కడమే తప్ప, మధ్యే దారి చట్టంలో లేదు. ఆ దారిని మీ పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో మీరే రాసుకోవాలి. ఎవరు చెబితే మతి తప్పినట్టు? నేనైతే ఇద్దరు డాక్టర్లని రాస్తాను, అందులో ఒకరు న్యూరాలజిస్టో సైకియాట్రిస్టో అయి ఉండాలి. ఎన్నాళ్ళు ఆగి చూడాలి? ఈలోగా ఆయన ఇంటికి నెలకు ఎంత పంపాలి? వాటా విలువ ఎవరు కట్టాలి, ఎన్ని వాయిదాల్లో ఇవ్వాలి? ఇవేవీ రాయకపోతే, ఒకరు బయటికి వెళ్ళి లెక్క తేలేదాకా ఆయన వాటాకు తగ్గ లాభమో, లేక ఏడాదికి 6 శాతం వడ్డీయో అడిగే హక్కు చట్టం ఇస్తుంది. ఆ 6 శాతం మీద అన్నదమ్ములు పదేళ్ళు మాట్లాడుకోకపోవడం నేను చూశాను. చిన్నప్పటి నుంచీ కలిసి పెరిగిన స్నేహితులు, ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్ళు, ఇలాంటివి రాసుకోవడానికి సిగ్గుపడతారు. "మా మధ్య కాగితమెందుకమ్మా" అంటారు. మీ మధ్య అక్కర్లేదు. రేపు మాట్లాడుకోవలసింది మీ ఆవిడా, ఆయన కొడుకూ.

ఎల్ఎల్‌పీ, అంటే భాగస్తుల బాధ్యతకు పరిమితి ఉండే సంస్థ అయితే, మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటించిన భాగస్తుడు భాగస్తుడిగా ఉండడు. ప్రకటించనంత కాలం ఉన్నట్టే. అక్కడా ఒప్పందంలో రాసుకోవడమే మార్గం. హిందూ ఉమ్మడి కుటుంబ వ్యాపారమైతే కుటుంబ వ్యవహారాలు నడిపే కర్త బాధ్యత తర్వాతి పెద్దకు వెళ్ళడం ఆనవాయితీ. ఆ తర్వాతి పెద్ద ఆడపిల్ల కావచ్చు. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇస్తూ దేశం మొత్తానికి 2005లో సవరణ వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ ఆ పని 1986లోనే చేసింది. అమ్మాయిలకు లెక్కలు చూపించకుండా పెంచే ఇళ్ళు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇది చెప్పాలనిపించింది.

ఇప్పుడు, ఇంట్లో ఎవరికైనా ఇప్పటికే జబ్బు మొదలైందనుకోండి. డాక్టరు ఆ పేరు చెప్పగానే అంతా అయిపోయిందని కూలబడిపోతారు. అయిపోలేదు. కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ చూడండి. మనిషి చేస్తున్న పని ఏమిటో, దానివల్ల తనకు లాభమో నష్టమో ఆ సమయంలో తెలుసుకోగలిగితే చాలు. మామూలుగా మతి లేని మనిషి కూడా తెలివిగా ఉన్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చని అందులోనే ఉంది. వీలునామాకూ ఇదే మాట. జబ్బు తొలిదశలో ఉన్నవాళ్ళకు మంచి పూటలు ఉంటాయి. మా నాన్న పొద్దున్న తొమ్మిది నుంచి పదకొండు దాకా పూర్తిగా మా నాన్నే. ఏ సైజు తాడు మూర ఎంతో టకటకా చెప్పేవారు. సాయంత్రం అయ్యేసరికి నన్ను మా అత్త అనుకునేవారు. ఆ పొద్దుటి రెండు గంటల విలువ నాకు అప్పుడు తెలియలేదు. తెలిసి ఉంటే ఆ వారమే కాగితాలు మార్పించేదాన్ని.

అలాంటప్పుడు ఏం చేయాలంటే, సంతకం పెట్టే రోజునే డాక్టరు చూసి రాసిచ్చేలా ఏర్పాటు చేసుకోండి. కాగితంలో ఏముందో ఆయన చేత ఆయన మాటల్లోనే చెప్పించి వీడియో తీయండి. ఆ సమయంలో లాభపడే కొడుకు గదిలో ఉండకపోవడం మంచిది. మన దస్తావేజులన్నిటిలో ఒక వాక్యం ఉంటుంది చూడండి, "పూర్తి స్వస్థచిత్తంతో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా" అని. ఎవరూ చదవరు దాన్ని. రేపు కోర్టులో మొట్టమొదట పరీక్షకు నిలిచేది ఆ వాక్యమే. మంచం దిగలేని స్థితి అయితే సబ్‌రిజిస్ట్రారును ఇంటికి రప్పించుకునే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది. కానీ వచ్చిన అధికారికి ఈయనకు మతి లేదని అనిపిస్తే, 35వ సెక్షన్ ప్రకారం ఆయన రిజిస్ట్రేషన్ నిరాకరించి తీరాలి. ఆయనతో వాదన పెట్టుకోకండి.

ఒక తేడా కూడా గుర్తుంచుకోండి. చెయ్యి పడిపోవడం వేరు, మతి పోవడం వేరు. పక్షవాతంతో కుడిచెయ్యి పోయి, బుర్ర నిక్షేపంగా ఉన్నవాళ్ళకు బ్యాంకులో డబ్బు తీసుకోవడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలున్నాయి. వేలిముద్ర సరిపోతుంది, అదీ కుదరకపోతే కాలి వేలి ముద్రయినా సరే. ఇద్దరు సాక్షులుండాలి, ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి. చాలా ఇళ్ళలో ఇది తెలియక, తెలివిగా ఉన్న మనిషిని పట్టుకుని మతి పోయిందని ఒప్పేసుకుంటున్నారు.

దీనికి తిరకాసు వైపు ఒకటుంది. భయంలో కొందరు తెల్లకాగితాల మీద పెద్దాయన వేలిముద్రలు వేయించి దాచుకుంటారు. ఇంట్లోవాళ్ళు దుర్మార్గులు కానక్కర్లేదు, టెన్షన్‌లో ఉంటారంతే. దయచేసి ఆ పని చేయవద్దు. వయసు వల్లో జబ్బు వల్లో మనసు దెబ్బతిన్న మనిషితో చేసుకున్న ఒప్పందాన్ని కాంట్రాక్టు చట్టం 16వ సెక్షన్ అనుమానంగానే చూస్తుంది. మతే లేదని తేలితే ఆ ఒప్పందం అసలు చెల్లదు. మీ చెల్లెలో తమ్ముడో రేపు కేసు వేస్తే, ఆ ఒక్క వేలిముద్ర నిజమైన కాగితాలన్నిటి మీదా బురద జల్లుతుంది.

కాగితాల గురించి ఇంతసేపు చెప్పాను. మమ్మల్ని నిజంగా ముంచింది మాత్రం ఒక చిన్న నోటుబుక్కు. నాన్న చిట్టా, ఆవర్జా పద్ధతిగా రాసేవారు, అవి గుమస్తా చూసుకునేవాడు. కానీ బోట్లవాళ్ళ అరువు మాత్రం గల్లాపెట్టెలో అట్ట చిరిగిన చేతిపుస్తకంలో ఉండేది. "నీలం బోటు, 3 చుట్లు." "గెడ్డం, పెయింటు 4, పాతది ఉంది." "మొన్నటి అతను, సగం." నీలం బోటు ఎవరిదో నాన్నకు తెలుసు. గెడ్డం అతనెవరో నాన్నకు తెలుసు. పాతది ఎంతో నాన్నకే తెలుసు. అమ్మ, అన్నయ్య, నేను ఆ పుస్తకం పట్టుకుని జెట్టీ వెంట నడిచాం. నీలం రంగు బోట్లు నలభై దాకా ఉన్నాయక్కడ. కొందరు వాళ్ళంతట వాళ్ళే పిలిచి, "మీ నాయినకి నేనింత ఇవ్వాలమ్మా" అని లెక్కపెట్టి ఇచ్చారు. వాళ్ళ పుణ్యాన ఆ ఏడాది వైద్యం గడిచింది. మిగతాది సముద్రంలో కలిసిపోయింది.

కాబట్టి రేపు పొద్దున్న కొట్టు తెరిచాక, వకీలు దగ్గరకు వెళ్ళక ముందే, పైసా ఖర్చు లేని పని ఒకటి చేయండి. ఎవరు ఎంత ఇవ్వాలో, ఎవరికి ఎంత ఇవ్వాలో, ఏ ఓటీపీ ఏ ఫోనుకు వస్తుందో, ఆ ఫోను తాళం ఏమిటో, డిజిటల్ సంతకం ఉన్న పెన్ డ్రైవ్ ఏ సొరుగులో ఉందో, ఇన్సూరెన్స్ ఎక్కడుందో, మీ ఆడిటరు ఎవరో, మీరు తప్ప ఇంకొకరు చదివినా అర్థమయ్యేలా రాయండి. కవరులో పెట్టి ఇంట్లో ఒకరికి చెప్పండి. మూడు నెలలకోసారి తీసి సరిచేయండి. తర్వాత మీ డీడ్‌నో, కంపెనీ కాగితాలనో తీసుకుని ఆడిటరునూ వకీలునూ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టండి. ఇద్దరి దగ్గరకూ విడివిడిగా తిరిగితే, ఒకరు కట్టింది ఒకరు విప్పుతారు.

నాకిచ్చిన సమయం దాటిపోయింది. మీ ప్రశ్నలు అడగండి. ముందుగా ఆ వెనక వరసలో పెద్దాయన, చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు. మైకు ఆయనకివ్వండి బాబూ. చెప్పండి మాస్టారూ.